నొప్పి లేని గడ్డ

“మళ్ళ దుప్పటి నానేసినవా? మనింట్ల సబ్బులు చెట్టుకు కాస్తున్నయా ఏంది?”

వాకిట్లో పీట మీద కూర్చుని పళ్ళు తోముకుంటూ అత్త ఎంకమ్మ అన్న మాట అది. కోడలు నర్మద టబ్బులో దుప్పటి తొక్కుతోంది. నాలుగు తొక్కులకే ఆయాసం వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. పోయిన ఎండాకాలంలో మొదలైంది ఈ తడి. తెల్లారి లేచేసరికి జాకెట్టు, దిండు, పక్క అంతా చెమటతో ముద్దగా ఉండేది. ఎండాకాలం కదా, రేకుల ఇల్లు కదా అనుకుంది. వానలు పడ్డా తడి ఆగలేదు. చలికాలం వచ్చి, చెరువు మీది గాలికి మొగుడు దశరథ రెండు రగ్గులు కప్పుకుని ముడుచుకుంటుంటే, పక్కనే నర్మద పిండితే నీళ్ళు కారేలా తడిసిపోయేది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. రోజూ దండెం మీద దుప్పటి ఆరుతుంటే తెలియక చస్తుందా? కాకపోతే వాళ్ళకు అది దుప్పటి సంగతిగా తెలిసింది, సబ్బు సంగతిగా తెలిసింది. “నీ దిక్కంత తడితడి ఉంటుంది, నాకు సర్ది పడ్తుంది” అని దశరథ తన పక్క వేరే వేసుకున్నాడు కూడా.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన దశరథకు చేపల దుకాణం ఉంది. కాంటా దగ్గర ఆయన నిలబడతాడు. వచ్చినవాళ్ళతో మాట్లాడేది, తూకం వేసేది, పైసలు తీసుకునేది ఆయన. కింద గోనెసంచి మీద కత్తిపీట ముందేసుకుని, పొలుసు తీసి, పేగులు గుంజి, ముక్కలు కొట్టి సంచిలో పోసేది నర్మద. బోర్డు మీద దశరథ పేరు, దశరథ ఫోటో, ఆ ఫోటో కంటే పెద్దగా ఒక బొచ్చె చేప ఫోటో ఉంటాయి. చేపకు ఉన్న పాటి చోటు కూడా నర్మదకు లేదు. ఎవరైనా మాటల్లో “మీ ఆమె ఏం జేస్తది?” అని అడిగితే, “ఏం జేయది, ఇంటికాన్నే ఉంటది” అంటాడు దశరథ. ఆ మాట ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చేప కడుపు చీలుస్తున్న మనిషి తల మీదుగానే పోతుంది. మొదట్లో ఆమె తలెత్తి చూసేది. తర్వాత అలవాటైపోయింది.

చేపలు కోసే ఇళ్ళల్లో ఒక అనుభవం ఉంది. జెల్ల చేప ముల్లు వేలికి దిగితే చెయ్యి వాస్తుంది, చంకలో బిళ్ళ కడుతుంది. కొద్దిరోజులు సలిపి, అదే కరిగిపోతుంది. దానికి ఎవరూ దవాఖానకు పోరు. అందుకని మెడ పక్కన, భుజం ఎముకకు పైన, చింతగింజంత గట్టిగా చేతికి తగిలినప్పుడు నర్మదకే భయం వేయలేదు. అంతకు ముందే ఆమెకు జెల్ల గుచ్చుకుంది మరి. గుచ్చుకున్నది కుడి చేతికి, బిళ్ళ కట్టింది ఎడమ మెడకు అన్న లెక్క ఇంటిల్లిపాదిలో ఎవరికీ తట్టలేదు. చింతగింజ రేగుపండంత అయ్యాక దుకాణంలో చేప కోస్తూనే దశరథతో అంది.

“మెడకాడ బిళ్ళ కట్టింది, జర చూడు.”

“నొస్తుందా?”

“నొస్తలేదు.”

“నొస్తలేకపోతే ఇంక ఫికరేంది? జెల్ల గుచ్చితే బిళ్ళ కట్టదా? మా నాయినకు చంకల నిమ్మకాయంత కట్టింది, గదే పోయింది. ఆ రవుట చేప జల్ది కొయ్యి, సారు నిలవడ్డడు.”

ఎంకమ్మ మాత్రం ఏదో చేసింది, కాదనకూడదు. సున్నం, బెల్లం నూరి పట్టు వేసింది. చర్మం కాలి బొబ్బెక్కింది గానీ బిళ్ళ కదలలేదు. పైగా దానికి తోడుగా పక్కన ఇంకోటి వచ్చింది. అదీ నొప్పి లేదు. నొప్పి ఉంటే తప్ప ఆడదాని ఒంట్లో ఏదీ రోగం కాదని ఆ ఇంట్లో ఎప్పుడో తీర్మానమైపోయింది. నొప్పి ఉన్నా వంట పూర్తయ్యాకే రోగమవుతుంది. ఆ గడ్డకు ఆ ఇంటి సంగతి తెలిసినట్టే ఉంది, కిక్కురుమనకుండా పెరిగింది.

తర్వాత దురద పట్టుకుంది. దద్దులు లేవు, పొక్కులు లేవు, ఊరికే చర్మం కింద ఏదో పాకినట్టు ఉండేది. దువ్వెన వెనక్కి తిప్పి పిక్కలు గోక్కునేది, నెత్తురు వచ్చేదాకా. “చేపల నీళ్ళల్ల కూసుంటే దురద పెట్టదా? మేం జెయ్యలేదా గీ పని?” అంది అత్త, కొబ్బరినూనె సీసా అవతల పెట్టేస్తూ. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. గల్లీ చివర ఆరెంపీ డాక్టరు సూది వేసి, రక్తం తక్కువుందని టానిక్ రాసిచ్చాడు. ఒళ్ళు చిక్కింది. ఇదొక్కటే ఆమెకు మెప్పు తెచ్చిన రోగం. “ఏం తింటున్నవే నర్మదా, మస్తు సన్నగైనవ్, పెండ్లినాడు ఉన్నట్టున్నవ్” అని చేపలకు వచ్చిన ఆడవాళ్ళు అంటుంటే, చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఆమెకు సంతోషమే వేసింది. ఎన్నేళ్ళయింది తనను చూసి ఎవరైనా ఒక మంచి మాట అని! జాకెట్లకు తనే లోపలికి కుట్లు వేసుకుంది. వేసిన కుట్టు పక్కన మళ్ళీ కుట్టు వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం సూది పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది.

గడ్డ నొప్పి పెట్టింది ఒక్కసారే. అది బోనాల నాడు.

అమ్మవారికి సాక పోసి ఇంటికి వచ్చాక, అందరూ కలిసి కల్లు తాగడం వాళ్ళింట్లో ఉన్నదే. ఆడవాళ్ళు, మగవాళ్ళు అని తేడా లేదు. ఎంకమ్మే వంచి ఇచ్చింది. నర్మద సగం గ్లాసు తాగిందో లేదో, మెడ దగ్గర గాలం వేసి గుంజినట్టయింది. ఆ గుంజుడు భుజంలోకి, వీపులోకి దిగింది. గ్లాసు కింద పెట్టి మెడ పట్టుకుంది.

“అత్తా, కల్లు తాగంగనే బిళ్ళకాడ నొస్తుంది.”

“మంచి కల్లు. పొద్దుగాల దించింది. నీకే వచ్చినయి రోగాలు.”

దశరథ అప్పటికే హుషారుగా ఉన్నాడు. “తాగితే నొప్పులు పోతయంటరు, నీకు తాగితే నొప్పొస్తదా? దునియల గిసుంటి ఆడిది యాడ దొరికిందే అమ్మా నాకు?” అన్నాడు. వచ్చిన చుట్టాలంతా ఘొల్లుమని నవ్వారు. నర్మద కూడా నవ్వింది. అందరూ నవ్వుతున్నప్పుడు ఒక్కతే మెడ పట్టుకుని కూర్చుంటే బాగుండదని నవ్వింది. దసరాకు మళ్ళీ గుక్కెడు తాగి చూసింది. మళ్ళీ అదే గుంజుడు. ఇక ముట్టలేదు. “నకరాలు ఎక్కువైనయి” అన్నారు. ఆ మాట పండుగ పండుగకూ ఇంట్లో హాస్యమైంది.

ఆమెను దవాఖానకు తీసుకుపోయింది మొగుడు కాదు, అక్క. తుర్కయాంజాల్‌లో ఉండే నీలమ్మ ఏదో పని మీద వచ్చి, చెల్లెలి తల చూసి “గిదేం జుట్టే, నూనె లేక పీచులెక్క అయింది” అని కూర్చోబెట్టి నూనె పెట్టసాగింది. నూనె చెయ్యి చెవి వెనక్కి, మెడ మీదికి జారి ఆగిపోయింది. ఒకటి కాదు, వరసగా ఉన్నాయి బిళ్ళలు. నీలమ్మ కొంగు తప్పించి చూసింది. ఎముకలు తేలిన భుజాలు, గోళ్ళ గీతలతో నిండిన వీపు కనిపించాయి. నూనె చేతులతోనే చెల్లెలిని గట్టిగా పట్టుకుని, మరిదిని దుకాణం నుంచి పిలిపించి, “రేపు దవాఖానకు నువ్వు తోల్కపోతవా, నేను తోల్కపోవాల్నా?” అని అడిగింది.

హైదరాబాద్ పెద్ద దవాఖానలో డాక్టరమ్మ నర్మద మెడ, చంకలు, కడుపు చూసి, ఆమె మొహంలోకి చూస్తూనే అడిగింది.

“రాత్రిపూట చెమటలు పడతాయా?”

“ఎండాకాలం అందరికి పడ్తయి మేడం,” అన్నాడు దశరథ.

“దురద ఉందా?”

“చేపల పని మేడం. మాకు మామూలే.”

“బరువు తగ్గిందా?”

“మొదటిసంది గంతే ఉంటది మేడం.”

డాక్టరమ్మ నర్మద మీద నుంచి చూపు తిప్పకుండానే, “కల్లు గానీ, మందు గానీ తాగితే ఈ గడ్డల దగ్గర నొప్పి వస్తుందా?” అంది.

దశరథ మొహం కందిపోయింది. “మా ఇంట్ల ఆడోళ్ళు గసుంటియి ముట్టరు మేడం.”

నర్మద తలెత్తి చూసింది. ఆ మాటనే కదా ఇంటిల్లిపాదీ ఇన్నాళ్ళూ నవ్వులాటకు వాడుకున్నది! ఆ ప్రశ్న పుస్తకాలు చదువుకున్న మనిషి నోట, నవ్వు లేకుండా, తూకం వేసినట్టు వచ్చింది. “వస్తది మేడం,” అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “బోనాలకు తాగిన, దసరాకు తాగిన. గాలం ఏసి గుంజినట్టు అయింది. చెమటలు చలికాలంల గూడ పడ్డయి. జాకెట్లన్ని నేనే కుట్టుకున్న, వొదులైతున్నయని.”

“ఈ నొప్పి అందరికీ రాదమ్మా. వస్తే మాత్రం మేము తేలిగ్గా వదలం,” అంది డాక్టరమ్మ. గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపాలంది. బయటికి వచ్చాక దశరథ పళ్ళు కొరికాడు. “డాక్టరమ్మ ముంగట కల్లు తాగుతనని చెప్తవా? ఇజ్జత్ తీసినవ్ గద!”

పరీక్షలన్నీ వచ్చిన రోజు డాక్టరమ్మ లింఫోమా అనే మాట చెప్పింది. దెబ్బ తగిలితే, జ్వరమొస్తే ఒంట్లో బిళ్ళలు కట్టే చోట్లుంటాయే, అక్కడ పుట్టే కేన్సర్ అంది. ముల్లు గుచ్చుకుని కట్టిన బిళ్ళ సలుపుతుంది, కొన్నాళ్ళకు కరుగుతుంది, ఇది సలపదు, కరగదు, అందుకే జనం మోసపోతారు అని చెప్పింది. వారాలు గడిచినా తగ్గని గడ్డ, కారణం లేని చెమట, జ్వరం, చిక్కిపోవడం, ఇవన్నీ కలిస్తే ఆగకుండా రావాల్సింది అంది. ఇప్పుడది ఎముకల్లో మూలుగ దాకా పోయిందట. మందు ఉంది, ఎక్కిద్దాం, ఒళ్ళు ఎంత తట్టుకుంటుందో, మందుకు ఎంత లొంగుతుందో చూద్దాం అంది. ముందే వస్తే చాలా సులువుగా ఉండేదన్న మాట దశరథ అడిగితేనే చెప్పింది.

దశరథ కుర్చీలోనే కుప్పకూలి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు. “నాకు చెప్పనే లేదు మేడం. ఒక్క మాట చెప్పలే. ఆడోళ్ళు గింతే మేడం, అన్ని కడుపుల దాచుకుంటరు.” నర్స్ నీళ్ళు తెచ్చి ఆయనకే ఇచ్చింది. నర్మద ఆయన వీపు మీద చెయ్యి వేసి, ఊకో ఊకో అని నిమిరింది. కేన్సర్ ఎవరికి వచ్చిందో బయటివాళ్ళు చూస్తే చెప్పలేకపోయేవారు.

ఆ తర్వాత వచ్చినవాళ్ళందరిదీ అదే పాట. “గింత రోగం ఎందుకు దాచుకున్నవే?” అని ఎంకమ్మ. “ముందుగాల చెప్పొద్దా?” అని చుట్టాలు. బోనాల నాడు పగలబడి నవ్విన ఆడబిడ్డ కూడా ముక్కు చీదుకుంటూ అదే మాట అంది. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలే మాయం! వినగా వినగా నర్మదకే అనుమానం పుట్టింది. నిజంగా చెప్పలేదేమో. చెప్పాననుకుని మనసులోనే అనుకున్నానేమో. మంచం మీద పడుకుని, చేతికి సెలైన్ ఎక్కుతుంటే, ఒక్కొక్కటే వెనక్కి తీసి చూసుకుంది. బిళ్ళ సంగతి చేప కోస్తూ చెప్పింది. ఆయాసం సంగతి బిందె దించుతూ చెప్పింది. జ్వరం సంగతి అన్నం వడ్డిస్తూ చెప్పింది, అప్పుడాయన ఫోన్ చూస్తూ ఊ కొట్టాడు. చెమటల సంగతి దుప్పటి పిండుతూ చెప్పింది. ఎప్పుడు చెప్పినా చేతుల్లో వాళ్ళ పనే ఏదో ఉంది. పని చేస్తున్న ఆడదాని మాట గిన్నెల చప్పుడుతో పాటే పోతుంది కాబోలు, మనిషి మాటగా చెవికెక్కదు కాబోలు. అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత కట్టినవాళ్ళు, అడిగినా వినని ఇళ్ళ గురించి ఎందుకు కట్టలేదో! పని పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని, నాకు బాగాలేదని చెప్పి ఉండాల్సిందా? అలా కూర్చుంటే ఆ ఇంట్లో మొదటి ప్రశ్న “పని లేదా?” అనే వస్తుంది. ఆమెకు కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త బలం ఉండాలి. దుఃఖం మాత్రం వచ్చింది, తన మీద తనకే, ఎవరో పరాయి మనిషి మీద వచ్చినట్టు.

రెండోసారి మందు ఎక్కించుకుని ఇంటికి వచ్చాక వాంతులు తగ్గలేదు. జుట్టు దిండుకు అంటుకుని ఊడి వస్తోంది. అంటురోగం కాదని డాక్టరమ్మ చెప్పినా ఎంకమ్మ కోడలికి కంచం, గ్లాసు వేరే పెట్టింది. నర్మద పెద్ద గదిలో పడుకుని ఇంటి చప్పుళ్ళు వింటోంది. కుక్కర్, చీపురు, బకెట్, అంతా ఎప్పటిలాగే నడుస్తోంది. ఈ ఇల్లు తాను లేకపోతే ఆగిపోతుందని ఎన్నోసార్లు అనుకుంది. ఆగలేదే మరి, ఎవరు నడుపుతున్నారు?

అప్పుడు కూతురు శివాని జావ తీసుకుని వచ్చింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. గ్లాసు అందిస్తుంటే దాని జడలో, చెవి పక్కన, ఒక చేప పొలుసు తళుక్కుమంది. నర్మద దాని చెయ్యి పట్టుకుని వేళ్ళు తిప్పి చూసింది. గోళ్ళ సందుల్లో నల్లటి మరక, బొటనవేలికి జెల్ల గుచ్చిన వాపు.

“కాలేజీకి పోతలేవా బిడ్డా?”

“పోతనే. బాపు ఒక్కడే అయితుండు గద దుకాన్ల. కొన్నొద్దులు.”

అంత మాత్రం అని, ఖాళీ గ్లాసు కోసం కూడా ఆగకుండా వంటింట్లోకి పోయి గిన్నెలు తోమసాగింది. తోముతూ తోముతూ, ఎవరికీ కాకుండా, ఆ గిన్నెలకే చెప్పినట్టు అంది. “నడుం మస్తు గుంజుతుందే అమ్మా.”

నర్మద లేచి కూర్చుంది. గోడ పట్టుకుని వంటింటి గడప దాకా వచ్చింది. తింటున్న దశరథ కంచం దగ్గర నుంచి తలెత్తాడు.

“పిల్ల రేపు మా అక్క కాడికి పోతది,” అంది. “ఆన్నుంచే కాలేజీకి పోతది. తుర్కయాంజాల్ నుంచి ఆటోలున్నయి.”

“గిదేం మాట? పనెవరు జేస్తరు? నిన్నెవరు చూస్తరు? నువ్వు మంచిగయ్యేదాంకనే గద.”

“మంచిగ గాకపోతే?”

దశరథ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

“నేను పోతే పిల్ల ఎప్పటిదాంక జేయాలె?” అని అడిగింది నర్మద మళ్ళీ. గొంతు పెంచలేదు. పెంచడానికి లేదు కూడా.

“అశుభం మాటలు మాట్లాడకు,” అన్నాడు దశరథ చివరికి. “నువ్వు ముందుగాల ఒక్క మాట చెప్పివుంటే, ఇయ్యాల ఎవ్వరికి గీ తిప్పలు లేకుండె.”

మళ్ళీ అదే. నర్మద కళ్ళు మూసుకుంది. ఏమో, నిజమేనేమో. ఆ నిజంతోనే పోతానేమో అనుకుంది.

“చెప్పింది బాపూ.”

శివాని గొంతు అది. పిల్ల తోముతున్న గిన్నె వదిలేసి ఇటు తిరిగింది.

“చానసార్లు చెప్పింది. దుకాన్ల చెప్పింది, ఇంట్ల చెప్పింది. బోనాలకు నొస్తుందన్నది. నువ్వు నవ్వినవ్. నానమ్మ నవ్వింది. నేను గూడ నవ్విన బాపూ.”

దశరథ తల దించుకున్నాడు. రోగం బయటపడ్డ నాటి నుంచి నర్మద ఏడవలేదు. ఇప్పుడు గడప మీదే కూలబడి, నోరు కొంగుతో మూసుకోకుండా ఏడ్చింది. తను చెప్పింది. కలగనలేదు. ఈ ఇంట్లో ఒక మనిషి విన్నది.

శివాని పరుగున వచ్చి తల్లిని చుట్టుకుంది. “నేను పోనే అమ్మా. నీకాన్నే ఉంట. నువ్వు పిలిస్తే పలికేటోళ్ళు ఎవరున్నరే ఈడ?”

ఆ పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉంది. వాంతి చేసుకున్నప్పుడు నుదురు పట్టుకునేది ఈ చెయ్యే. రాత్రి దాహమంటే లేచేది ఈ కాళ్ళే. ఇది వెళ్ళిపోతే ఈ ఇంట్లో తనకు మిగిలేది ఏమిటో నర్మదకు తెలుసు. ఉండమ్మా అని ఒక్క మాటంటే చాలు, ఉంటుంది. ఉండి, ఇక్కడే ఉండిపోతుంది. నర్మద పిల్ల జడలోంచి పొలుసు తీసి పారేసింది.

“పో బిడ్డా,” అంది. “నడుం గుంజుతుందని నువ్వంటే, ఏమైందని అడిగేటోళ్ళున్న ఇంట్ల ఉండు.”